బెజవాడలో పుట్టి వాల్తేరు చేరిన విశ్వవిద్యాలయం

ఆంధ్ర విశ్వకళా పరిషత్తు చరిత్రను మనకు సాధారణంగా ఒక విజయగాథగా చెబుతారు. తెలుగువారు అడిగారు, ప్రభుత్వం ఇచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డి పునాది వేశారు, రాధాకృష్ణన్ పెంచారు. ఈ మాటల్లో ఏదీ అబద్ధం కాదు. అయితే చరిత్ర ఇంతటితో ముగియదు. అడిగినవారు ఎవరు? వారు అడిగినదేమిటి? ఇచ్చినవాడు ఇస్తూ తన చేతిలో ఏమి అట్టిపెట్టుకున్నాడు? అడిగిన దానికీ ఇచ్చిన దానికీ మధ్య మిగిలిన వెలితిని ఎవరు భరించారు? ఈ ప్రశ్నలు వేయని చరిత్ర సన్మాన పత్రం అవుతుందే తప్ప చరిత్ర కాదు.

కృష్ణా డెల్టాలో చాలాకాలం చరిత్ర పాఠం చెప్పినవాడిని నేను. 1926లో బెజవాడ కేంద్రంగా పుట్టిన విశ్వవిద్యాలయం నాలుగేళ్లకే వాల్తేరుకు ఎందుకు వెళ్లిపోయిందని విద్యార్థులు అడుగుతూ వుండేవారు. దీనికి మన పెద్దలు చెప్పే సమాధానం ఒకటే: జిల్లాల మధ్య తగాదా. బెజవాడ వాళ్లు మాకన్నారు, రాజమహేంద్రవరం వాళ్లు మాకన్నారు, విశాఖ వాళ్లు మాకన్నారు, అనంతపురం వాళ్లు మాకెందుకు కాదన్నారు. తగాదా జరిగిన మాట నిజమే. కాని ఆ తగాదాయే అసలు కథ అనుకోవడం పొరపాటు. స్థలాన్ని గురించి అంత రభస జరుగుతూ వుండగా, స్థలం కంటే పెద్దవైన మూడు ప్రశ్నలు చర్చకే రాకుండా తేలిపోయాయి. చదువు ఏ భాషలో? ఎవరి డబ్బుతో? ఎవరి అధికారం కింద? నా వాదమంతా ఈ మూడింటి గురించే.

ముందు పూర్వరంగం. 1854 నాటి వుడ్ తాఖీదు ననుసరించి 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో మూడు విశ్వవిద్యాలయాలు వెలిశాయి. అవి లండను విశ్వవిద్యాలయం నమూనాలో ఏర్పడినవి. అంటే పాఠం చెప్పేవి కావు, పరీక్ష పెట్టేవి. తెలుగు జిల్లాల్లో కళాశాలలు లేకపోలేదు. మచిలీపట్నంలో 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన పాఠశాల తరువాత నోబుల్ కళాశాల అయింది. రాజమహేంద్రవరంలో ప్రభుత్వ కళాశాల, గుంటూరులో క్రైస్తవ కళాశాల వున్నాయి. ఇవన్నీ మద్రాసుకు అనుబంధాలే. పాఠ్యక్రమం మద్రాసులో తయారయ్యేది, ప్రశ్నపత్రం మద్రాసులో తయారయ్యేది, పట్టం మద్రాసులో చేతికందేది. గంజాం నుండి కడప దాకా పిల్లవాడు ఏమి చదవాలో ఆ ఒక్క పట్టణంలో నిర్ణయమయ్యేది.

ఈ స్థితి మీద అసంతృప్తి రెండు దారుల్లో వ్యక్తమయింది. మొదటి దారి 1910లో మచిలీపట్నంలో కనిపించింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ప్రభృతులు ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించారు. సర్కారు గుర్తింపు కోసం చేయి చాచకుండా, ప్రజల చందాలతో, చేతిపనులూ కళలూ చదువులో భాగంగా నడపాలన్న ఆలోచన అది. రెండవ దారి 1913లో బాపట్లలో మొదలైన ఆంధ్ర మహాసభలది. బయ్యా నరసింహేశ్వర శర్మ అధ్యక్షత వహించిన ఆ తొలి సభ నుండి ప్రత్యేక రాష్ట్రం కోరిక పెరుగుతూ వచ్చింది. విశ్వవిద్యాలయం కోరిక దాని పక్కనే నడిచింది. ఇరుగు పొరుగుల్లో జరుగుతున్నదీ మనవాళ్లు చూస్తూనే వున్నారు. 1916లో మైసూరుకు విశ్వవిద్యాలయం వచ్చింది. 1918లో హైదరాబాదులో ఉస్మానియా వచ్చింది. ఉస్మానియా బోధనభాష ఉర్దూ. నైజాం ప్రజల్లో అధిక సంఖ్యాకుల భాష అది కాదు. అయినా దేశభాషలో ఉన్నత విద్య అసాధ్యమనే వాదానికి అది చెంపపెట్టు. ఉర్దూలో వైద్యం, భౌతికశాస్త్రం చెప్పగలిగినప్పుడు తెలుగులో ఎందుకు చెప్పలేము?

కాబట్టి అడిగినవారి మనసులో రాష్ట్రం, భాష, చదువు మూడూ ఒకటే ముడి. ఆ ముడిని విప్పి, ఒక పోగు మాత్రం చేతిలో పెట్టడమే ప్రభుత్వం చేసిన పని.

ఆ పని జరిగిన తీరు తెలియాలంటే ద్వంద్వ పాలన సంగతి కొంచెం గుర్తు చేసుకోవాలి. 1919 చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వాన్ని రెండుగా చీల్చారు. విద్య, స్థానిక పాలన వంటివి మంత్రులకు వదిలారు. ఖజానా, భూమిశిస్తు, పోలీసు గవర్నరు సభ్యుల చేతిలో వుంచుకున్నారు. పంతులు జీతం గురించి మంత్రి మాట్లాడవచ్చు. జీతం వచ్చే పెట్టె తాళం మాత్రం ఆయన మొలలో లేదు. మద్రాసు శాసనమండలిలో ఎన్నికైన సభ్యులు 98 మంది. వారిని ఎన్నుకునే హక్కు వున్నది 4 కోట్ల జనాభాలో 12 లక్షల పైచిలుకు మందికి, అనగా నూటికి మూడు మందికి. శిస్తు కట్టేవాడికీ ఆస్తి వున్నవాడికీ వోటు. కౌలుదారుకు లేదు, పాలేరుకు లేదు.

దీనికి తోడు మరొక విచిత్రం. విశ్వవిద్యాలయం కావాలని సభల్లో తీర్మానాలు చేసినవారిలో అధిక భాగం 1920 తరువాత శాసనమండలిని బహిష్కరించి బయట వున్నారు. 1921 మార్చి, ఏప్రిల్‌లలో బెజవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశమయినప్పుడు డెల్టా జనమంతా కదిలివచ్చారు. పిల్లలు సర్కారు కళాశాలలు విడిచి వస్తున్న రోజులవి. సర్కారు విశ్వవిద్యాలయపు రూపురేఖలు గీసే గదిలో వీళ్లెవరూ లేరు. ఆ గదిలో వున్నవారు జమీందారులు, వకీళ్లు, జస్టిస్ పార్టీ నాయకులు, అధికారులు. అడిగినవారు బయటా, ఇచ్చేవారు లోపలా వున్నప్పుడు ఇచ్చే వస్తువు రూపం మారకుండా ఎలా వుంటుంది? బహిష్కరణ తప్పని నేననను. సామ్రాజ్యవాదం పన్నిన పన్నాగంలో అడుగు పెట్టకపోవడానికి బలమైన కారణాలే వున్నాయి. బయట వున్నవారు తమ కోరికకు వివరమైన రూపం ఇచ్చి, దాని వెనుక జనాన్ని నిలబెట్టలేకపోవడం మాత్రం ఫలితాన్ని నిర్ణయించింది.

అప్పటి ముఖ్యమంత్రి పానగల్లు రాజా రామరాయణింగారు తెలుగువాడు. విద్యామంత్రి ఎ.పి. పాత్రో గంజాం జిల్లా బరంపురం వాడు. పాత్రో 1923లో మద్రాసు విశ్వవిద్యాలయ చట్టాన్ని తిరగరాశారు. ఆ తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయ బిల్లును నడిపించారు. మండలి 1925లో బిల్లును ఆమోదించగా, అది 1926 సంవత్సరపు 2వ మద్రాసు చట్టంగా నమోదయింది. 1926 ఏప్రిల్ 26న విశ్వవిద్యాలయం బెజవాడ కేంద్రంగా ఏర్పడింది. మొదటి వైస్ ఛాన్సలరు సి.ఆర్. రెడ్డి. ఆయన 1923 నవంబరులో ఆ పానగల్లు మంత్రివర్గం మీదనే అవిశ్వాస తీర్మానం పెట్టి, 65కి 44 వోట్ల తేడాతో వోడిన మనిషి. పాలక పక్షానికి ఆయన బంటు కాడు. అంతకు ముందే అర్థశాస్త్రాన్ని తెలుగులో రాసి, శాస్త్ర విషయం మన భాషలో ఇముడుతుందని చూపినవాడు కూడాను. వ్యక్తిలో లోపం లేదు. లోపమంతా ఆయన చేతికి వచ్చిన పనిముట్టులో వుంది.

ఆ పనిముట్టు ఎలాంటిదో చూడండి. ఛాన్సలరు మద్రాసు గవర్నరు. చట్టం అమలుకు రావాలంటే గవర్నరు సమ్మతి, ఆపైన గవర్నరు జనరలు సమ్మతి కావాలి. నిధులు మద్రాసు ఖజానా దయ. బోధనభాష ఇంగ్లీషే. ప్రత్యేక రాష్ట్రం ఊసు లేదు. రాష్ట్రం లేని జాతికి విశ్వవిద్యాలయం మాత్రం దక్కింది. ఇది తక్కువ లాభం కాదు. తెలుగు జిల్లాలన్నీ ఒక సంస్థగా చట్టంలో కనబడటం అదే మొదలు. కాని ఆ సంస్థలో తెలుగు ఒక పాఠ్యాంశంగానే మిగిలింది. గంజాం వాడూ గుంటూరు వాడూ ఒకే విశ్వవిద్యాలయంలో ఒకే పరాయి భాషలో పరీక్ష రాయవచ్చు; దానికే ఆంధ్ర అని పేరు.

ఇక స్థలం సంగతి. బెజవాడను ఎంచుకోవడంలో న్యాయం వుంది. 1855లో ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువలు డెల్టా ఊళ్లను ఈ పట్టణానికి కలిపాయి. 1893లో కృష్ణ మీద రైలు వంతెన పడి మద్రాసు, కలకత్తా దారి ఏర్పడింది. హైదరాబాదు నుండి ఒక లైను, గుంతకల్లు వైపు నుండి గుంటూరు మీదుగా ఒక లైను, మచిలీపట్నం నుండి ఒక లైను ఇక్కడికే చేరాయి. శ్రీకాకుళం వైపు వాడికీ అనంతపురం వాడికీ నడిమధ్య వూరు కోస్తాలో ఇంతకంటే మరొకటి లేదు. ఎండల విషయంలో మాత్రం పేరు చెడ్డది. దొరలు హాస్యానికి బ్లేజ్‌వాడ అనేవారు. వాల్తేరు పక్షం వారికి సముద్రపు గాలి, విశాలమైన మెట్టభూములు, పక్కనే తయారవుతున్న రేవు వాదబలాలయ్యాయి. 1930లో విశ్వవిద్యాలయం అక్కడికి చేరింది. అంతవరకు బెజవాడలో వున్నది అనుబంధ కళాశాలలను చూసే పాలనాకార్యాలయమే. బోధన శాఖలు 1931 నుండి వాల్తేరులో మొదలయ్యాయి.

ఆ సంవత్సరాల్లోనే దత్త మండలాలు చేజారాయి. కడప, కర్నూలు, అనంతపురం, బళ్లారి వారికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తమ స్థానమేమిటన్న సంశయం మొదటి నుండీ వుంది. కేంద్రం ఉత్తరంగా జరిగితే వాల్తేరు వారికి బెజవాడ కంటే మరో 350 కిలోమీటర్ల దూరం. చిత్తూరు వాడికి మద్రాసు పొరుగూరు. ఆ దశకం ముగిసే లోపే ఆ కళాశాలలు తిరిగి మద్రాసు విశ్వవిద్యాలయం కిందికి వెళ్లిపోయాయి. 1928లో నంద్యాల సభలో దత్త మండలం అన్న బానిస పేరును వదిలి రాయలసీమ అన్న పేరు పెట్టుకున్నారు. ఆ ఆత్మగౌరవాన్నీ ఈ అనుమానాన్నీ ఒకే కాలం కన్నది. తెలుగువారిని కలపడానికి వచ్చిందన్న సంస్థ పుట్టిన మూడు నాలుగేళ్లలోనే తెలుగు నేలను రెండుగా చీల్చి చూపింది. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో వాల్తేరుతో పాటు అనంతపురంలోనూ విశ్వవిద్యాలయ కేంద్రం వుండాలని రాసుకోవలసి వచ్చిందంటే, గాయం ఎంత లోతయినదో తెలుస్తుంది.

దీనినంతా దొరల కుట్ర అనడం తేలిక. నేను అలా అనను. కుట్ర అవసరం లేకుండానే పని జరిగింది. నూటికి ముగ్గురికి వోటున్న సభలో, ఖజానా పరుల చేతిలో వుండగా, ఒకే ఒక సంస్థను పది పన్నెండు జిల్లాల ముందు విసిరితే ఏ జిల్లా పెద్ద ఆ జిల్లా కోసం పోరాడక ఏమి చేస్తాడు? ఒక్క రొట్టె పెట్టి పదిమందిని కూర్చోబెట్టినవాడు తగవు తీర్చే పెద్దమనిషిగా చలామణి అవుతాడు. రొట్టె ఒక్కటే ఎందుకు అని అడగడం ఆ రభసలో ఎవరికీ తోచదు.

రొట్టె పిండి ఎవరిదో కూడా చూడాలి. వాల్తేరులో శాస్త్ర విద్య నిలబడటానికి జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. ఆ దానం గొప్పదే. ఆయన పేరిటి కళాశాల దానికి సాక్ష్యం. ఆ లక్ష జయపురం జమీ నుండి వచ్చింది. జమీకి ఆదాయం కొరాపుట్ కొండల మీద సేద్యం చేసే గిరిజనుడి కష్టం నుండి వచ్చింది. ఆ గిరిజనుడి పిల్లవాడు ఆ కళాశాల గడప తొక్కలేదు. పైగా 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు ఆ కొండలూ, పాత్రోగారి బరంపురమూ కూడా అటే పోయాయి. దాత పేరు గోడ మీద వుంది. చెమట పేరు ఎక్కడా లేదు.

ఇటు డెల్టాలో అవే సంవత్సరాల్లో మరొక లెక్క నడుస్తున్నది. కృష్ణా, గోదావరి జిల్లాల భూములకు రీసెటిల్మెంటు చేసి శిస్తు నూటికి 18.75 వంతున, అనగా రూపాయికి మూడణాల చొప్పున పెంచడానికి ప్రభుత్వం పూనుకున్నది. ధాన్యం ధర పడిపోతున్న రోజుల్లో రైతులు ఊరూరా సభలు పెట్టి ఎదిరించవలసి వచ్చింది. కాలువ కింది పంటను కొలిచి శిస్తు పెంచడానికి ప్రభుత్వానికి శాస్త్రజ్ఞానం, సిబ్బంది, పట్టుదల అన్నీ వున్నాయి. ఆ శిస్తులో ఒక వాటా ఆ నేల పిల్లల ఉన్నత విద్యకు కేటాయించాలన్న ఆలోచన మాత్రం రాలేదు. భూమిశిస్తు గవర్నరు పక్షం, చదువు మంత్రి పక్షం. ద్వంద్వ పాలన అంటే ఇదే: వసూలు ఒక చేతితో, బీద అరుపు మరొక చేతితో.

ఇది మన ఒక్కరి కథ కాదని చూపడానికి ఆఫ్రికా ఉదాహరణ చెబుతాను. 1943లో బ్రిటిషు ప్రభుత్వం పశ్చిమ ఆఫ్రికాలో ఉన్నత విద్యను గురించి ఎలియట్ కమిషనును వేసింది. కమిషను రెండుగా చీలింది. అధిక సంఖ్యాకులు నైజీరియా, గోల్డ్ కోస్టు, సియెరా లియోన్ మూడుచోట్లా సంస్థలుండాలన్నారు. అల్ప సంఖ్యాకులు మొత్తం పశ్చిమ ఆఫ్రికాకు ఇబదానులో ఒక్కటి చాలునన్నారు. లండను ప్రభుత్వం మొదట మొగ్గినది ఆ ఒక్కటి వైపే. మళ్లీ అదే ఒక్క రొట్టె! కాని గోల్డ్ కోస్టు వారు ఇబదానుతో తగవు పెట్టుకోలేదు. మాకూ ఒకటి కావాలి, మా కోకో రైతు పంట మీద వచ్చిన డబ్బుంది, దానితో కట్టుకుంటామని పట్టుబట్టారు. 1948లో ఇబదానుతో పాటు గోల్డ్ కోస్టుకూ విశ్వవిద్యాలయ కళాశాల వచ్చింది. పట్టాలు అప్పటికి లండనువే, అధికారం అప్పటికి దొరలదే. అయినా పంట డబ్బుకూ చదువుకూ మధ్య ముడి వేసి చూపడంతో ప్రశ్న తలక్రిందులయింది. ఎక్కడ పెట్టాలి అన్నది పోయి, మా డబ్బు మాకెందుకు ఖర్చు కాదు అన్నది ముందుకు వచ్చింది. వరి పండించే కృష్ణా డెల్టా ఆ ప్రశ్న శిస్తు పోరాటంలో వేసింది గాని, చదువు విషయంలో వేయలేదు.

వాల్తేరులో జరిగిన మంచిని తక్కువ చేయడం నా వుద్దేశం కాదు. ఉత్తరాంధ్ర వెనుకబడిన ప్రాంతం. అక్కడ విశ్వవిద్యాలయం వుండటం ధర్మమే. భగవంతం భౌతికశాస్త్రాన్నీ, శేషాద్రి రసాయనశాస్త్రాన్నీ అక్కడ దేశంలో పేరెన్నిక గన్న శాఖలుగా నిలబెట్టారు. 1931లో వచ్చిన రాధాకృష్ణన్ దేశం నలుమూలల నుండి పండితులను పిలిపించారు. తరువాత కమ్యూనిస్టు పార్లమెంటరీ నాయకుడుగా పేరొందిన హీరేన్ ముఖర్జీ 1934, 1935 సంవత్సరాల్లో అక్కడ పాఠం చెప్పారు. సి.ఆర్. రెడ్డి శాసనోల్లంఘనం మీద ప్రభుత్వ దమనకాండకు నిరసనగా పదవికి రాజీనామా ఇచ్చారు. ఛాన్సలరు కుర్చీలో గవర్నరు కూర్చున్న సంస్థలో స్వతంత్రుడైన విద్యావేత్తకు మిగిలే ఆయుధం రాజీనామా ఒక్కటే. ఆ ఒక్క సంఘటన, ఎవరి అధికారం కింద అన్న ప్రశ్నకు జవాబు.

డెల్టా మాటకు వస్తే, విశ్వవిద్యాలయం వెళ్లిపోయిన ఏడేళ్లకు, 1937లో, బెజవాడలో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాల వచ్చింది. యుద్ధకాలంలో, 1942లో విశాఖ మీద జపాను బాంబులు పడినప్పుడు, విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరులో తలదాచుకుంది. అది వెళ్లిపోయాక 1967లో గుంటూరుకు స్నాతకోత్తర కేంద్రం, 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం, 2008లో మచిలీపట్నానికి కృష్ణా విశ్వవిద్యాలయం వచ్చాయి. అనంతపురం 1981 దాకా ఆగింది. అంటే రెండు తరాల కౌలురైతు బిడ్డలకు, వ్యవసాయ కూలీ బిడ్డలకు ఎం.ఏ. చదువు అంటే రైలు టిక్కెట్టు, హాస్టలు ఖర్చు, ఇంట ఒక జత చేతులు తగ్గిపోవడం. ఉన్నవాడి కొడుక్కు వాల్తేరు దూరం కాదు, మద్రాసు దూరం కాదు, లండను కూడా దూరం కాదు. స్థలం తగాదాలో వోడింది బెజవాడ పట్టణం కాదు. ఎక్కడికీ ప్రయాణం కట్టలేని వర్గం వోడింది. అది బెజవాడలోనూ వోడింది, అనంతపురంలోనూ వోడింది, వాల్తేరు కొండ కింద పల్లెలోనూ వోడింది.

భాష ప్రశ్న ఇంకా పాతబడలేదు. ఉన్నత విద్యకు తెలుగు పాఠ్యగ్రంథాలు తయారుచేయడానికి తెలుగు అకాడమీ 1968లో ఏర్పడింది. విశ్వవిద్యాలయం పుట్టిన 42 ఏళ్లకు, రాష్ట్రం వచ్చిన 15 ఏళ్లకు! తెలుగులో డిగ్రీ చదివిన మొదటి తరం పిల్లలు ఎక్కువమంది కష్టజీవుల ఇళ్లవాళ్లు. వారికి మంచి పుస్తకం, మంచి ఉద్యోగం ఇవ్వడం మాని, 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డిగ్రీ కళాశాలలన్నిటా ఇంగ్లీషు మాధ్యమమే అన్నది. ఇంగ్లీషు నేర్పడం వేరు, ఇంగ్లీషులో తప్ప నేర్పకపోవడం వేరు. 1925లో చర్చకు రాని ప్రశ్న నూరేళ్ల తరువాత కూడా చర్చ లేకుండానే తీరిపోయింది.

1953లో కర్నూలుకు రాజధాని, గుంటూరుకు హైకోర్టు పంచుకున్నప్పుడూ, 2014 తరువాత రాజధానిని గురించిన వివాదాల్లోనూ మనం పాత పాటే పాడాము. శ్రీబాగ్ కాగితాన్ని ప్రతి పక్షమూ తనకు అనువుగా చదివింది. ఏ కార్యాలయం ఏ వూళ్లో అన్న దాని మీద వీధులు నిండాయి. ఆ కార్యాలయం ఏ భాషలో మాట్లాడుతుంది, ఎవరి డబ్బుతో నడుస్తుంది, ఎవరికి జవాబు చెబుతుంది అన్న దాని మీద నిండలేదు.

చరిత్ర చదివే విద్యార్థులకూ చెప్పే అధ్యాపకులకూ నా మనవి ఇంతే. మన వూరికి కళాశాల కావాలని అడగండి, అడగడం హక్కు. కాని పొరుగూరితో తగాదాకు దిగే ముందు ఆ రొట్టె ఒక్కటే ఎందుకున్నదని అడగండి. డెల్టా వరి మడీ, సీమ మెట్ట చేనూ, మన్యం పోడూ కలిసి ఆ ప్రశ్న అడిగిన నాడు పంచిపెట్టే పెద్దమనిషికి పని వుండదు.